ఎద్దులు కట్టని కారు

ఎమ్మిగనూరు ఇంకా తొమ్మిది కిలోమీటర్లని రాయి మీద రాసి ఉన్న చోట, రోడ్డు పక్కన ఒక కారు నిలబడి ఉంది. నేనెక్కిన బస్సు రెండు మైళ్ల వెనక టైరు పగిలి ఆగిపోయింది. జాకీ దొరికి, చక్రం ఊడి, మళ్లీ బిగిసేదాకా తుమ్మచెట్టు కింద కూర్చోమన్నారు. కూర్చోవడం నాకు చిన్నప్పటినుంచీ రాదు. అరవై ఆరేళ్ల వయసులో కొత్తగా ఏం నేర్చుకుంటాను? సంచీ భుజానికి తగిలించుకుని నడక మొదలుపెట్టాను. మరునాడు, అంటే 1980 ఫిబ్రవరి పదహారున, సూర్యగ్రహణం. మంత్రాలయం దగ్గర తుంగభద్ర ఒడ్డున నిలబడి పట్టపగలు చీకటి పడడం చూడాలని నా ప్రయాణం. లోకం మునిగిపోతుందని ఆదోని బజారులో అప్పటికే సగం అంగళ్లు మూసేశారు.

కారు బానెట్టు తెరిచి ఉంది. తొంగి చూస్తే లోపల ఇంజను లేదు. ఆ చోట నాలుగు లారీ బాటరీలు, పొలం గట్టు మీద గొర్రెల్లాగా ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. వెనక డిక్కీలో ఇంకో నాలుగు. ముందు బంపరుకి ఎద్దు మెడలో కట్టే ఇత్తడి గంట వేలాడుతోంది. కారు ముందర ఒకాయన గొంతుకూర్చుని, రబ్బరు తిత్తి ఉన్న గాజు గొట్టంతో బాటరీలో నీళ్లు పైకి పీల్చి, ఎండకేసి పట్టి చూస్తున్నాడు. నలభై దాటి ఉంటాయి. చొక్కా నిండా చిన్న చిన్న చిల్లులు, జల్లెడ తొడుక్కున్నట్టు.

"పెట్రోలు అయిపోయిందా, నాయనా?" అన్నాను.

"దీనికి పెట్రోలంటే ఏందో తెలీదు పెద్దాయనా. ఆకలయినాది, అంతే." గొట్టంలోని నీళ్లు మళ్లీ బాటరీలో వదిలి మూత బిగించాడు. "ఒక్క గంట సేపు కరెంటు తాపితే లేస్తాది. యాడన్నా మోటరు కొట్టం కనబడినాదా నీకు, వచ్చే దావలో?"

కనబడింది. రెండు పొలాల వెనక బావి మీద మోటరు కొట్టం, కరెంటు స్తంభం, పక్కనే పెంకుటిల్లు. ఆ మాట చెప్పగానే అతను లేచి నిలబడ్డాడు. తలుపు పక్కనుంచి పెద్ద తీగచుట్ట తీసి భుజాన వేసుకున్నాడు. నేను రమ్మంటే వచ్చినవాణ్ణి కాను, పొమ్మంటే పోయేవాణ్ణీ కాను. అతని వెంట నడిచాను. నడక పొడుగునా అతనే మాట్లాడాడు. రెండు నెలలుగా ఇంట్లో మాట్లాడే మనిషి లేక నోరు తుప్పు పట్టిందని తనే అన్నాడు.

అతని పేరు హుసేనప్ప. పుట్టింది గోనెగండ్లలో, మగ్గం నేసే ఇంట్లో. పన్నెండేళ్లకు తండ్రి మగ్గం గుంటలోకి దింపాడు. గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటే చీమలు పాకినట్టు ఉండేదట. పోగు తెగినప్పుడల్లా అతుకు వేసే నెపంతో లేచి వీధిలోకి పోయి వచ్చేవాడు. రోజుకు ఎన్ని పోగులు తెగుతాయో తండ్రి లెక్క పెట్టడం మొదలుపెట్టాక ఆదోని పారిపోయాడు. అక్కడ బాటరీలు చార్జి చేసే ఒక సాయిబు కొట్లో చేరాడు. కరెంటు లేని పల్లెల్లో రేడియోలు బాటరీల మీద బతుకుతున్న కాలం అది. వారానికొకసారి ఆలూరు వైపునుంచి ఎద్దుల బండ్ల మీద బాటరీలు వచ్చేవి. ఇతను వాటికి నీళ్లు తాపి, కరెంటు తాపి, తిరిగి పంపేవాడు. గుడారం సినిమాలకు, పెండ్లి ఊరేగింపులకు, ఎలక్షన్లలో మైకులకు అతని బాటరీలే తిరిగాయి.

"ఊర్లన్నీ నా బాటరీలు తిరిగినాయి. నేను మాత్రం కొట్లోనే," అన్నాడు.

అందుకని ఒకసారి కొట్లో పని ఎగ్గొట్టి రాయచూరు అవతల ఒక గనికి పోయాడు. గని లోపల చిన్న ఇంజనొకటి పట్టాల మీద మట్టి తొట్లు లాగుతోంది. పొగ లేదు, చప్పుడు లేదు. దగ్గరికి పోయి చూస్తే కడుపు నిండా బాటరీలు! ఆరోజు రాత్రి నిద్ర పట్టలేదన్నాడు. ఏండ్లు గడిచాయి. ఆ ఇంజను పాతబడి పక్కన పడేస్తే దాని మోటరు తెచ్చుకున్నాడు. ఒక పత్తి వ్యాపారి కొట్టంలో కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న కారు బాడీ తెచ్చుకున్నాడు. పోయిన ఏడు పెట్రోలు ధర ఎగిరినప్పుడు ఆదోనిలో కార్లున్నవాళ్లంతా మొత్తుకుంటుంటే, హుసేనప్ప మాత్రం తన కారు కింద దూరి తీగలు కలుపుతున్నాడు.

నాకు తెలిసింది చెప్పకుండా ఉండలేను. ఎనభై ఏండ్ల కిందట పెద్ద పెద్ద విదేశీ నగరాల్లో పెట్రోలు కార్లకంటే బాటరీ కార్లకే మర్యాద ఎక్కువనీ, హాండిలు తిప్పే కష్టం లేదని ఆడవాళ్లు వాటినే కోరేవారనీ ఒక పాత పత్రికలో చదివాను. ఆ సంగతి చెప్పాను. హుసేనప్ప రెండడుగులు ఆలోచించాడు.

"వాళ్లకు కరెంటు కోత ఉండెనా?" అని అడిగాడు.

మాటల్లోనే కొట్టందాకా వచ్చేశాం.

పెంకుటింటి అరుగు మీద ఒక ముసలామె బుడ్డలు, అంటే వేరుశనక్కాయలు, ఒలుస్తోంది. పేరు సుంకమ్మ. పొలం ఆమెదే, మోటరు ఆమెదే. కొట్టంలో మోటరు గుయ్యిమంటోంది, కాలవలో నీళ్లు బుడ్డల చేనికి పారుతున్నాయి. హుసేనప్ప తీగచుట్ట దించి సంగతి చెప్పాడు. ఆమె తలెత్తలేదు.

"ఈ పొద్దు శుక్రారం. శుక్రారం పొద్దు ఇంట్లో నిప్పు బయటికి ఇయ్యం."

"నిప్పు ఎవరడిగినారవ్వా? కరెంటు అడిగితి."

"కరెంటు నిప్పు గాదా? నిప్పు గాకుంటే పోయిన వానల్లో మా ఎనుము తీగ తగిలి యెట్ల సచ్చె? కాలి సచ్చె."

"సరే, దప్పికయి వస్తే నీళ్లిస్తావు గదా?"

"నీళ్లు లేదంటే నోట్లో పురుగులు పడవా?"

"కరెంటు గూడ నీళ్లే అవ్వా. పైనుంచి కిందికి పారుతాది. గట్టు కడితే ఆగుతాది. బాటరీ అంటే తొట్టి. దాంట్లో ఉండేది నీళ్లే, వచ్చి సూడు."

"ఏమప్పా," అని ఆమె నావైపు తిరిగింది, "తెల్లపంచె కట్టినావు, సదువుకున్నట్టుండావు. నువ్వు సెప్పు. కరెంటు నిప్పా, నీళ్లా?"

ఎన్నో పుస్తకాలు తిరగేశాను. ఈ ప్రశ్న వాటిలో ఎక్కడా లేదు. నేను నీళ్లు నములుతుంటే, హుసేనప్ప ముఖం ఉన్నట్టుండి పాలిపోయింది.

"ఈ పొద్దు శుక్రారమా?" అన్నాడు.

"అవును. ఏం, నువ్వు బేస్తారమనుకుంటివా?"

అతను అరుగు అంచు పట్టుకుని కూలబడ్డాడు. అప్పుడు తెలిసింది అసలు సంగతి.

పోయిన దసరాకు, ఆయుధపూజ నాడు, కారుకు బంతిపూలు కట్టి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, భార్య ఉరుకుందమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టి ఆదోని బజారు చూపిద్దామని బయలుదేరాడు. ఎత్తు ఎక్కే చోట కారు ఆగిపోయింది. వెనక జనం, ముందు జనం. ఎవడో బండివాడు ఎద్దులను తెచ్చి కారుకు కట్టాడు. పూలు కట్టిన కారును ఎద్దులు లాక్కుపోతుంటే, బంపరుకున్న గంట గణగణలాడుతుంటే, బజారు బజారంతా నవ్వింది. ఆ గంట ఎందుకంటే, కారుకు చప్పుడు లేదు, మనుషులు పక్కకు జరగరు. దాన్ని చూసి 'ఎద్దుల కారు, ఎద్దుల కారు' అని పిల్లలు ఇంటిదాకా వచ్చారు. ఉరుకుందమ్మ కొంగు ముఖానికి కప్పుకుని కూర్చుంది. అప్పటికే ఆమెకు బాటరీల వాసనతో తలనొప్పి, ఆసిడ్ చుక్కలు పడి ఉతికిన ప్రతి చీరెకూ చిల్లులు. రెండు నెలల కింద ఎమ్మిగనూరులో ఉన్న పుట్టింటికి పోయింది. పోతూ ఒక మాట చెప్పింది. ఎద్దులు కట్టకుండా ఆ కారు ఎమ్మిగనూరుకు వస్తే తను ఎక్కి కూర్చుని వస్తుంది. గ్రహణం పట్టేలోపల రావాలి. రాకపోతే గ్రహణం విడిచినాక తండ్రి బసన్న మగ్గం ఎక్కుతుంది, ఇక ఆదోని మొహం చూడదు.

"శుక్రారం ఆడపిల్లను పుట్టింటినుంచి ఎవరు పంపుతారురా పిచ్చోడా?" అంది సుంకమ్మ. "రేపు అమాస. అమాస పొద్దు అసలే పంపరు. నిన్న యెందుకు రాలేదు?"

"నిన్న పగలంతా కరెంటు లేదవ్వా. మూడు దినాలనుంచి కొంచెం కొంచెం తాపుతాండా. రాత్రి నిండినాది, పొద్దున బయల్దేరితి. కరెంటు వచ్చే దినం, రాని దినం, నాకు తెలిసేది అంతే. గ్రహణం రేపని తెలుసు. ఈ పొద్దు ఏ వారమో తోచలేదు."

"మరి నిండితే ఎందుకు ఆగిపాయ?"

అతను తల గోక్కున్నాడు. దారిలో ఒక ముసలామె రెండు బుడ్డల మూటలతో చెయ్యెత్తింది. ఖాళీ బండి మనిషిని దాటిపోకూడదు. ఎక్కించుకున్నాడు. తర్వాత ఉల్లిగడ్డల గోనెతో ఒకడు, వాడి వెంట వాడి బామ్మర్ది. బరువు కరెంటు తింటుంది. నిండా తాపితే నలభై కిలోమీటర్లు రావలసింది, ఇరవై దాటేసరికి మీటరు ముల్లు పడిపోయింది. వెనక్కి పోవడానికి చాలదు. ముందుకు పోతే, పోయి లాభం లేదు. ఉన్నచోట ఉండలేక లేచి తీగచుట్ట విప్పి మళ్లీ చుట్టాడు. మళ్లీ విప్పాడు.

సుంకమ్మ ఒడిలోని బుడ్డల పొట్టు దులిపింది.

"నిప్పు బయటికి ఇయ్యకూడదు అన్నారు గానీ, ఇంట్లోకి వచ్చినోనికి అన్నం పెట్టకూడదని యెవరూ అనలేదు. నీ తొట్టిని నా గట్టు లోపలికి తోలుకోని రా. ఈడనే తిననీ. తిన్నోడు కడుపులో పెట్టుకోని పోతాడు, అది బయటికి ఇచ్చినట్టు యెట్లయితాది?"

ధర్మశాస్త్రాలు రాసినవాళ్లు ఈమె అరుగు మీద కూర్చుని ఉంటే వాటిలో సగం తగాదాలు ఉండేవి కావు.

రోడ్డునుంచి కొట్టందాకా బండ్లబాట ఉంది. "ఎద్దులను కట్టుకో, రెండు నిమిషాల పని," అంది సుంకమ్మ. హుసేనప్ప రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "వద్దవ్వా! ఎద్దు వాసన గూడ తగలకూడదు." అందుకని అతను స్టీరింగు పట్టుకుని పక్కనుంచి, నేనూ సుంకమ్మా వెనకనుంచి తోశాం. ఎనిమిది బాటరీల బరువేమిటో ఆరోజు నా నడుముకు తెలిసింది. ముసలామె మాత్రం నాకంటే గట్టిగా తోసింది. "ఎద్దులొద్దంటివి గానీ, ముసలోళ్లయితే పరవాలేదా!" అని తిట్టుకుంటూనే తోసింది.

హుసేనప్ప వెనక సీట్లోంచి కరెంటు తాపే చార్జరు దించి మోటరు కొట్టంలో తీగ కలిపాడు. మోటరూ చార్జరూ ఒకేసారి నడిస్తే కరెంటు చాలదు. మోటరు మూలగసాగింది. సుంకమ్మే పోయి ఆపింది. కాలవలో నీళ్లు తోక ముడుచుకున్నాయి. సాయంకాలం ఐదింటికి ఆ లైనులో కరెంటు పోతుంది. అప్పటికి మూడు. పెట్టెలాంటి చార్జరు సన్నగా జుమ్మంటుంటే హుసేనప్ప నిలబడలేడు, కూర్చోలేడు. ఒక్కో మూత తీసి చూడడం, గాజు గొట్టంతో పీల్చడం, ఎండకేసి పట్టడం. ఒక బాటరీ లోపలి ఆరు గదుల్లో ఒకటి చచ్చిపోయిందట. అదొక్కటే మిగతా అందర్నీ కిందికి లాగుతోందన్నాడు. కుటుంబాల్లో కూడా చూశాను అలాంటిది.

బాటరీలు బుడగలు వేస్తూ సలసలమంటున్నాయి. సుంకమ్మ దగ్గరికి వచ్చి వంగి చూసింది. "నిజమే, నీళ్లే ఉడుకుతాండాయి," అంటూ రొంటినుంచి చుట్ట తీసి, అగ్గిపెట్టె గీయబోయింది. హుసేనప్ప గంతేసి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"అవ్వా! ఆర్పు! గ్యాసు వస్తాది దాంట్లోంచి. అంటుకుంటే నేను, నువ్వు, ఈ పెద్దాయన, ఒక్కరం మిగలం!"

సుంకమ్మ అగ్గిపుల్ల పారేసి, నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"ఇందాక నీళ్లంటివే?"

హుసేనప్ప బాటరీ మూతల మీదికి వంగాడు. నాకు నవ్వు ఆగలేదు. సుంకమ్మ దూరంగా పోయి చుట్ట వెలిగించుకుని, చేతినిండా వేయించిన బుడ్డలూ చెరొక జొన్నరొట్టే తెచ్చి ఇద్దరికీ పెట్టింది. అతను రొట్టె చేతిలో పట్టుకుని ముల్లు చూస్తూ నిలబడ్డాడు. తినలేదు.

"శుక్రవారం కదా, ఎందుకు పోతున్నావు?" అని అడిగాను.

"పోకుంటే యాడ ఉండేది? నేను వస్తినా లేదా అని ఆమెకు తెలియాల గదా. ఎద్దులు లేకుండా వస్తి అని ఆమె కండ్లతో ఆమె సూడాల. తర్వాత పంపితే పంపనీ, పంపకుంటే మానీ."

మానీ అన్నాడు గానీ, ఆ మాట అన్న గొంతు మానేది కాదు.

ఐదింటికి చార్జరు చప్పుడు టక్కున ఆగింది. కరెంటు పోయింది. ముల్లు పావు దగ్గర నిలబడింది. 'సాల్దు' అన్నాడు ఒకసారి. 'సాలొచ్చు' అన్నాడు ఇంకోసారి. సుంకమ్మకు దండం పెట్టి బండి ఎక్కాడు. నేనూ ఎక్కాను. బస్సు ఎప్పుడో మమ్మల్ని దాటిపోయి ఉంటుంది. పోనీ.

చప్పుడు లేని ప్రయాణం ఎట్లా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. రోడ్డు మీది కంకర టైర్ల కింద నలగడం, పొలాల్లో పక్షులు, బంపరుకి గంట. అంతే. గుర్రపుబండి మీద పోతున్నట్టుంది, గుర్రం మాత్రం లేదు. సైకిలువాడొకడు మమ్మల్ని దాటిపోతూ వెనక్కి తిరిగి తిరిగి చూశాడు. హుసేనప్ప కాలు బరువుగా వేయడు. ఏటవాలు వస్తే కాలు తీసేసి దొర్లనిస్తాడు. దారిలో ఒక గొర్రెలకాపరి చెయ్యెత్తాడు. ఆపలేదు. అటు చూడను కూడా లేదు. కానీ స్టీరింగు మీద అతని వేళ్లు తెల్లబడ్డాయి.

ఊరు కనిపించే ఎత్తు దగ్గర కారు వేగం నడక వేగమయింది.

"దిగమంటావా?" అన్నాను.

"దిగు," అన్నాడు. మొహమాటం లేదు. దిగి పక్కన నడిచాను. కారు, నేను సమానంగా నడిచాం. ఎత్తు ఎక్కాక ఎక్కమన్నాడు. ఎక్కకుండానే నడిచాను. నా బరువు కూడా అతని లెక్కలో ఉంది గదా.

ఎమ్మిగనూరు మొదటి ఇండ్లు వచ్చేసరికి పొద్దు కుంకింది. ఇండ్లలో మగ్గాల చప్పుడు ఆగుతోంది. ఆడవాళ్లు వాకిళ్లలో నీళ్లు చల్లి దీపాలు పెడుతున్నారు. ఒక మలుపు, ఆ మలుపు అవతల ఒక వేపచెట్టు, దాని పక్కన బసన్న ఇల్లు అని వేలు పెట్టి చూపించాడు. వేలు ఇంకా దించలేదు. గంట ఒక్కసారి గణమని, ఆగింది. కారు ఆగింది. వంద గజాల దూరం కూడా ఉండదు ఆ ఇల్లు.

అతను తొక్కాడు. స్టీరింగు పట్టుకుని ఊపాడు. ముల్లును గోటితో కొట్టాడు. తర్వాత స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని ఆ ఇంటికేసి చూస్తూ ఉండిపోయాడు. ఎవరో పెద్దాయన మమ్మల్ని చూసి, "ఏమప్పా, ఎద్దులు పంపల్లనా?" అని అరిచాడు. హుసేనప్ప ఉలిక్కిపడి "వద్దు, వద్దు!" అన్నాడు.

ఆ అరుపు విన్నదో, ముందే గంట విన్నదో, వేపచెట్టు పక్క వాకిట్లోంచి ఒక మనిషి బయటికి వచ్చింది. చంకలో గుడ్డల మూట. వెనకనుంచి ఎవరో పిలుస్తున్నారు. "శుక్రారం పొద్దు, దీపం పెట్టే యాల, గడప దిగుతావా! తిరిగి రా!" అని. ఆమె తిరగలేదు. నడుచుకుంటూ కారు దగ్గరికి వచ్చింది. హుసేనప్పను చూడలేదు. కారు ముందుకు పోయి చూసింది. వెనక్కి పోయి చూసింది. వంగి కింద కూడా చూసింది.

"ఎద్దులు యాడ?" అంది.

"లేవు," అన్నాడు.

"ఆదోనినుంచి?"

"ఆదోనినుంచి."

నావైపు చూసింది. సాక్ష్యం అడుగుతోందని అర్థమయింది. "ఎద్దు తగల్లేదమ్మా. ఒక ఎత్తు దగ్గర నేను దిగి నడిచాను, ఒక అవ్వా నేనూ కొంచెం తోశాం. అంతే," అన్నాను.

"మనుషులు తోస్తే పరవాలేదు," అంది ఉరుకుందమ్మ. అంటూ తలుపు తీసి ముందు సీట్లో కూర్చుంది. మూట ఒడిలో పెట్టుకుంది.

"శుక్రారం పంపరు గదా," అన్నాడు హుసేనప్ప నెమ్మదిగా.

"వాళ్లు పంపలా. నేను వస్తి. పోనీ."

"పోనిచ్చేకి కరెంటు లేదు. నిండల్లంటే తెల్లారేదాకా తాపల్ల."

"తెచ్చుకో పో. గడప దిగినదాన్ని, నేను మల్ల ఎక్కను. ఈడనే కూసుంటా. రేపు గ్రహణం పట్టేలోపల ఆదోనిలో ఉండల్ల." ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "వాసన యేంది ఇంత, ఆ అద్దం దించు," అంది.

అతను అద్దం దించాడు. కారు వెనకనుంచి తీగచుట్ట తీసి భుజాన వేసుకున్నాడు. తల పైకెత్తి, స్తంభంనుంచి స్తంభానికి పోయే తీగలను చూస్తూ, ఏ ఇంటికి ఏ తీగ దిగుతోందో లెక్కపెట్టుకుంటూ నడిచాడు. ప్రతి ఇంటి ముందూ దీపం వెలుగుతోంది. ఎవరూ నిప్పు బయటికి ఇయ్యని వేళ. మొదటి వాకిలి దగ్గర ఆగి, "అమ్మా, బయటికి వద్దు. లోపలికి వచ్చి తింటాం," అనడం నాకు వినిపించింది. అక్కడ తలుపు మూసుకుంది. రెండో వాకిలికి పోయాడు.

నేను సంచీ భుజానికి తగిలించుకుని, అతను తిరిగి చూస్తే చెప్పి పోదామని రోడ్డు మీద నిలబడి ఉన్నాను. అతను తిరగలేదు. తీగచుట్ట ఒక భుజంనుంచి ఇంకో భుజానికి మార్చుకుని, మూడో వాకిలి దాటి సందులోకి పోయాడు.